డిగ్రీ సైకాలజీలో రీసెర్చ్: గైడ్ కావాలని అడగకు, పని ఇమ్మని అడుగు

అడిగిన అమ్మాయి ప్రశ్నను కుదించి ముందు పెడుతున్నాను. పల్నాడులో ఒక డిగ్రీ కాలేజీ, సైకాలజీ మేజర్, రెండో ఏడాది. ల్యాబ్ అంటే తాళం వేసిన ఒక బీరువా. రీసెర్చ్ చేయాలని ఉంది. ఇరవై ముగ్గురు ప్రొఫెసర్లకు మెయిల్ పెడితే ఒక్కరూ పలకలేదు. "పెద్ద యూనివర్సిటీల్లో చదివేవాళ్లకేనా అవకాశాలు? మాలాంటివాళ్లకు మెంటార్ ఎలా దొరుకుతారు?"

నేను పంతొమ్మిదేళ్లుగా సైకాలజీ చెబుతున్నాను. అందులో పదకొండేళ్లుగా ఏదో ఒక ప్రాజెక్టులో డిగ్రీ పిల్లలను పెట్టుకుని పనిచేయిస్తున్నాను. రోజంతా నీ వయసువాళ్లతోనే గడుస్తుంది కాబట్టి నువ్వు అనే రాస్తాను, ఏమీ అనుకోకు.

ముందు ఆ మెయిళ్ల సంగతి. నువ్వు పెట్టిన నమూనా చూశాను. "రెస్పెక్టెడ్ సర్ ఆర్ మేడమ్" అని మొదలైంది. రాస్తున్నది ఎవరికో కూడా చూసుకోలేదని మొదటి లైన్లోనే చెప్పేశావన్నమాట. తర్వాత మనిషి మనసు మీద నీకున్న అపారమైన ఆసక్తి, ఇంటర్ మార్కులు, చివర్లో "మీ దగ్గర ఏదైనా అవకాశం". ఇలాంటివి వేసవి ముందు నాకు వారానికి పది దాకా వస్తాయి. రాసినవాళ్ల మీద చిన్నచూపేమీ లేదు, కానీ ఏం జవాబివ్వాలో తోచదు. ఏదైనా అన్నవాళ్లకు ఏమిస్తాం? నీకు సరిపోయే పనేదో నేనే ఆలోచించాలి, నేనే తయారుచేయాలి, నేనే కూర్చోబెట్టి నేర్పాలి. ఆ రోజు నా బల్ల మీద దిద్దాల్సిన మిడ్ పేపర్లు ఉంటాయి. మెయిల్ కిందికి జారిపోతుంది. ఇందులో నీ కాలేజీ పేరు చూసి పక్కన పెట్టడం అనేది నువ్వనుకున్నంత లేదు.

మూడేళ్ల కిందట నాకొచ్చిన ఇంకో మెయిల్ చెబుతాను. ఇంగ్లీషులో రాసింది, సారాంశం ఇది: "మేడమ్, ఒత్తిడి మీద మీరు వాడిన తెలుగు ప్రశ్నావళి చూశాను. ఎనిమిదో ప్రశ్న మా అమ్మమ్మకి, పక్కింట్లో ఇద్దరికి చదివి వినిపించాను. ముగ్గురూ మూడు రకాలుగా అర్థం చేసుకున్నారు. వాళ్లన్న మాటలు ఉన్నవున్నట్టు కింద రాశాను. పనికొస్తుందంటే మా ఊళ్లో ఇంకో పదిహేను మందిని అడిగి పంపగలను." అంతే. మార్కుల ఊసు లేదు, ఆసక్తి ఊసు లేదు. ఆ రాత్రే జవాబిచ్చాను.

ఆ ప్రశ్న కథ కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే రీసెర్చ్ అంటే చాలా భాగం ఇదే. షెల్డన్ కోహెన్, ఆయన సహచరులు 1983లో పర్సీవ్డ్ స్ట్రెస్ స్కేల్ అనే కొలమానాన్ని ప్రచురించారు. పది ప్రశ్నల రూపం బాగా వాడుకలో ఉంది. అందులో ఎనిమిదోది, గత నెలలో ఎంత తరచుగా "ఆన్ టాప్ ఆఫ్ థింగ్స్" (అంటే అన్నీ చక్కబెట్టుకోగలుగుతున్నట్టు) ఉన్నట్టు అనిపించింది అని అడుగుతుంది. మా అనువాదంలో అది "అన్నిటికన్నా పైన ఉన్నట్టు" అని పడింది. ఏసీ గదిలో కూర్చుని చదివిన మాకు ఎవరికీ తప్పు కనపడలేదు. ఆ పిల్ల వాళ్ల అమ్మమ్మేమో నొచ్చుకుంది: "నేనెవరి కన్నా పైనమ్మా, అందరితో పాటే ఉంటా." ఆమె చెవికి అది పొగరుందా అని అడిగినట్టు వినపడింది. పక్కింటాయన జీతం సంగతి అనుకున్నాడు. మూడో ఆవిడ "పైన మా అబ్బాయి వాళ్లుంటారు, మేం కిందే" అంది.

తర్వాత "పనులన్నీ నా చేతిలోనే ఉన్నాయి" అని మార్చి చూశాం. చేతినిండా పని ఉందా అంటున్నారని కొందరనుకున్నారు, అంటే అర్థం పూర్తిగా తిరగబడింది. చివరికి "పనులన్నీ నా అదుపులోనే ఉన్నాయి" దగ్గర ఆగాం. ఇంకో మెలిక ఏమిటంటే, ఆ పదింటిలో 4, 5, 7, 8 ప్రశ్నలు మంచిని అడుగుతాయి, మిగతావి ఇబ్బందిని. ఆ నాలుగింటి మార్కులు తిరగేసి కూడాలి. సున్నా వస్తే నాలుగు, ఒకటి వస్తే మూడు. తిరగేయడం మర్చిపోతే క్రోన్‌బాక్ ఆల్ఫా (ప్రశ్నలన్నీ ఒకే విషయాన్ని కొలుస్తున్నాయా అని చెప్పే అంకె) పాతాళానికి పోతుంది, "మా ఊరివాళ్లు సరిగా జవాబివ్వలేదు" అని రిపోర్టులో రాసుకుంటారు. తప్పు ఊరిది కాదు, ఎక్సెల్‌ది. నా చేతికొచ్చే డిగ్రీ ప్రాజెక్టుల్లో ఇక్కడ బోల్తాపడేవి ఎన్నో.

ఇప్పుడు నీ సంగతికి వస్తాను. నా దగ్గర ఏమీ లేదు అని రాశావు. నీకు తెలుగు ఉంది. అదీ పుస్తకాల తెలుగు కాదు, పత్తి చేలల్లో, మిర్చి కల్లాల్లో మాట్లాడే తెలుగు. పెద్ద సంస్థల్లో కంప్యూటర్లున్నాయి, కంటి చూపును కొలిచే యంత్రాలున్నాయి. ఒక పెద్దావిడ "గుండెల్లో గుబులుగా ఉంటోంది" అంటే అది ఆందోళనా, దిగులా, నిజంగా గుండెజబ్బా అని ఇంకో నాలుగు మాటలు కలిపి రాబట్టగలిగేవాళ్లు అక్కడ తక్కువ.

భాష వల్లే ఎంత పెద్ద పని సాధ్యమైందో ఒక ఉదాహరణ హైదరాబాద్‌లోనే ఉంది. నిమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా (వయసుతో వచ్చే మతిమరుపు జబ్బు) రోగుల రికార్డులు పరిశీలించి, 2013లో న్యూరాలజీ పత్రికలో ఫలితాలు ప్రచురించింది. ఒకే భాష మాట్లాడేవాళ్లతో పోలిస్తే రెండు, అంతకన్నా ఎక్కువ భాషలు మాట్లాడేవాళ్లలో జబ్బు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. చదువు రానివాళ్లలో కూడా ఆ తేడా కనిపించింది. విదేశాల్లో రెండు భాషలవాళ్లంటే తరచుగా వలస వచ్చినవాళ్లో, బాగా చదువుకున్నవాళ్లో అయ్యుంటారు. కాబట్టి ఫలితం భాషదా, చదువుదా, వలసదా అని విడదీయడం కష్టం. హైదరాబాద్‌లో బడి ముఖం చూడనివాళ్లు కూడా ఇంట్లో తెలుగు, బజార్లో దక్కనీ మాట్లాడేస్తారు. ఆ ఊరి బజారే ఆ పరిశోధనకు దారిచ్చింది.

అలాగని రేపే ఒక గూగుల్ ఫారం తయారుచేసి వాట్సాప్ గ్రూపుల్లో వదలకు. ఇది గట్టిగా చెబుతున్నాను. డిప్రెషన్ మీద ప్రాజెక్టు అనగానే పిల్లలందరూ పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల కొలమానం తీసుకుంటారు. ఉచితం, తెలుగు రూపం కూడా దొరుకుతుంది. దాంట్లో తొమ్మిదో ప్రశ్న చచ్చిపోతే బాగుండును అన్న ఆలోచనల గురించి అడుగుతుంది. నీ క్లాసులో ఎవరో దానికి "దాదాపు ప్రతిరోజూ" అని టిక్ పెట్టారనుకో. ఫారంలో పేరు లేదు. నీకు అది తెలిసేది పది రోజుల తర్వాత, ఎక్సెల్ తెరిచినప్పుడు. ఏం చేస్తావు? ఆ ప్రశ్నకు జవాబు ముందే లేకుండా ఆ కొలమానాన్ని ముట్టుకోకూడదు. ఎథిక్స్ కమిటీ ఉన్నదే ఇందుకు. కాలేజీలో కమిటీ లేకపోతే మీ యూనివర్సిటీలో ఉందేమో మీ మేడమ్ ద్వారా కనుక్కో. అదీ కుదరకపోతే జ్ఞాపకశక్తి, చదివే వేగం, భ్రమలు లాంటి అపాయం లేని అంశం ఎంచుకో. ఏ సర్వే అయినా చివర్లో టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ నంబర్ 14416 పెట్టు. ప్రభుత్వానిది, ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు. పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లను అడగాలంటే తల్లిదండ్రుల సమ్మతి కూడా కావాలి. ఇంటర్ చదివే తమ్ముడి ఫ్రెండ్సే కదా అనుకుంటే కుదరదు.

మెంటార్ విషయంలో నీకున్న ఊహ కాస్త సరిచేయాలి. మెంటార్ అంటే పేరున్న ప్రొఫెసర్ అనుకుంటున్నావు. నిజానికి డిగ్రీ విద్యార్థికి పని నేర్పేది ఆ ప్రొఫెసర్ దగ్గర మూడో ఏడాదో నాలుగో ఏడాదో పీహెచ్‌డీ చేస్తున్న స్కాలర్. వాళ్లకి చేతులు కావాలి. ఇంటర్వ్యూలు టైప్ చేయడానికి, డేటా ఎక్కించడానికి, జవాబులను ఇద్దరు విడివిడిగా వర్గాలుగా విడగొట్టి పోల్చుకోవడానికి మనుషులు కావాలి. డిపార్ట్‌మెంట్ వెబ్‌సైట్లో స్కాలర్ల పేర్లు, అంశాలు ఉంటాయి. వాళ్లకు రాయి. మెయిల్ చదువుతారు, ఎందుకంటే వాళ్లకింకా పెద్దగా ఎవరూ రాయరు!

చోట్ల మాటకొస్తే, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో సెంటర్ ఫర్ న్యూరల్ అండ్ కాగ్నిటివ్ సైన్సెస్ ఉంది. రెండు భాషలు మాట్లాడేవాళ్ల మెదడు ఎలా పనిచేస్తుందన్న దాని మీద అక్కడ ప్రొఫెసర్ రమేశ్ కుమార్ మిశ్రా చాలా పని చేశారు. అదే క్యాంపస్‌లో హెల్త్ సైకాలజీకి వేరే సెంటర్ ఉంది. ట్రిపుల్ ఐటీ హైదరాబాద్‌లో కాగ్నిటివ్ సైన్స్ ల్యాబ్ ఉంది, కంప్యూటర్ ప్రోగ్రామింగ్ కాస్త వస్తే అక్కడ ఎక్కువ ఉపయోగపడతావు. ఉస్మానియా, ఆంధ్ర, శ్రీవేంకటేశ్వర యూనివర్సిటీల్లో పాత డిపార్ట్‌మెంట్లున్నాయి. మేధోపరమైన వైకల్యం మీద ఆసక్తి ఉంటే సికింద్రాబాద్‌లో 1984లో మొదలైన జాతీయ సంస్థ ఉంది, ఇప్పుడు నీపిడ్ అంటున్నారు. బయట గాంధీనగర్ ఐఐటీ ఎస్ఆర్ఐపీ, కాన్పూర్ ఐఐటీ సర్జ్ అనే వేసవి ప్రోగ్రాములు నడుపుతాయి. రెండు చోట్లా కాగ్నిటివ్ సైన్స్ చెప్పేవాళ్లున్నారు. అర్హతలు, తేదీలు ఏటా మారతాయి కాబట్టి చలికాలం నుంచే వాళ్ల సైట్లు చూస్తుండు. వేసవి వచ్చాక వెతికితే బస్సు వెళ్లిపోయి ఉంటుంది.

బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ గురించి ప్రత్యేకంగా అడిగావు. ఆసుపత్రి వాతావరణంలో డిగ్రీ పిల్లలు చేయగలిగేది చూడటం, రాసుకోవడం. ఎర్రగడ్డలోనైనా, విశాఖ మానసిక వైద్యశాలలోనైనా అంతే. డిగ్రీ చదువుతుండగానే "కౌన్సెలింగ్ ఇంటర్న్" అని పేరుపెట్టి క్లయింట్లను నీ చేతికి అప్పగించే చోటు ఎక్కడైనా కనిపిస్తే వెనక్కి తిరిగి చూడకుండా వచ్చెయ్. అది నీకు అవకాశమూ కాదు, ఎదుటి మనిషికి న్యాయమూ కాదు. ఇన్‌స్టాగ్రామ్‌లో తిరిగే నాలుగు వారాల ఆన్‌లైన్ ఇంటర్న్‌షిప్పులు కూడా అలాంటివే: రెండు మూడు వేలు కట్టించుకుని, నాలుగు పీడీఎఫ్‌లు పంపి, బంగారు అంచు సర్టిఫికెట్ ఇస్తారు. ఇంటర్వ్యూ బోర్డుల్లో కూర్చున్నదాన్ని కాబట్టి చెబుతున్నా, ఆ సర్టిఫికెట్‌ని పక్కకు తోసి "నువ్వేం చేశావమ్మా?" అనే అడుగుతాం. డబ్బు కడితే పదిహేను రోజుల్లో పేపర్ వేసే "అంతర్జాతీయ" పత్రికలదీ ఇదే తంతు. యూజీసీ 2025లో నమ్మదగిన పత్రికలంటూ తాను పెట్టిన కేర్ జాబితానే ఎత్తేసింది కాబట్టి ఫలానా జాబితాలో ఉన్నాం అని ఎవరైనా గొప్పలు చెప్పుకుంటే మురిసిపోకు.

మీ కాలేజీలోనే ఉన్నదాన్ని వదిలేశావు. ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ మొదటి ఏడాది తర్వాత కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు తప్పనిసరి కదా, 180 గంటలు. చాలామంది సీనియర్ రిపోర్టు తీసుకుని ఊరి పేరు మార్చి ఇచ్చేస్తారు, మనకి తెలియనిదేం కాదు. నీది అయిపోయి ఉంటే ఆ నోట్సు మళ్లీ తియ్యి. ఏ ఇంటికి వెళ్లావు, ఏ ప్రశ్నకు జనం మొహం చిట్లించారు, ఏ ప్రశ్నకు కోడలు అత్తగారి వైపు చూసి జవాబిచ్చింది. అత్తగారి ముందు అడిగినప్పుడు, విడిగా అడిగినప్పుడు జవాబు మారుతుందా అన్నది చక్కటి పరిశోధన ప్రశ్న. ఎవరి స్కేలూ కొనక్కర్లేదు. మున్ముందు ఉండే ఇంటర్న్‌షిప్‌ని దీనికి కలిపి, మీ లెక్చరర్ని పర్యవేక్షకురాలిగా ఉండమని అడుగు. ఆవిడ పీహెచ్‌డీ చేసి ఉండకపోవచ్చు. పర్లేదు, సంతకం పెట్టే అధికారం, ఊళ్లో పరిచయాలు ఆవిడకున్నాయి. లెక్కల వైపు బయటి స్కాలర్ సాయం చేస్తారు. ఇద్దరు సగం సగం మెంటార్లు కలిస్తే ఒక నిండు మెంటార్ కన్నా మేలు జరగడం చాలాసార్లు చూశాను.

నాలుగో ఏడాది గురించి ఒక్క మాట. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం వచ్చినవాళ్లు నాలుగో ఏడాది "ఆనర్స్ విత్ రీసెర్చ్" తీసుకోవచ్చు, అందులో 12 క్రెడిట్ల పరిశోధన ప్రాజెక్టు ఉంటుంది. మీ కాలేజీలో గైడ్ చేసేవాళ్లు లేకుండా ఆ పేరుతో ఏడాది గడపడం మాత్రం వృథా, ఎమ్మే లేదా ఎమ్మెస్సీకి వేరే చోటికి వెళ్లడమే నయం.

నేర్చుకోవాల్సినవి పెద్దగా డబ్బు ఖర్చయ్యేవి కావు. దొంగ ఎస్‌పీఎస్‌ఎస్ కాపీ కోసం తిరగకు. గణాంకాల లెక్కలకు అదే పనిచేసే జామోవి, జాస్ప్ రెండూ ఉచితం, మామూలు ల్యాప్‌టాప్‌లో నడుస్తాయి. ప్రయోగాలు తయారుచేయడానికి సైకోపై కూడా ఉచితమే. ఓపెన్ సైన్స్ ఫ్రేమ్‌వర్క్ సైట్లో వేల అధ్యయనాల అసలు డేటా పెట్టి ఉంటుంది. ఒకటి దించుకుని, ఆ పేపర్లో రెండో పట్టికలో ఉన్న అంకెలు నీకూ వస్తాయేమో చూడు. రావు, మొదటిసారి చచ్చినా రావు. ఎందుకు రాలేదో కనిపెట్టే లోపు ఒక సెమిస్టర్ స్టాటిస్టిక్స్ వచ్చేస్తుంది. పైగా ఇది ఉత్తుత్తి కసరత్తేమీ కాదు. 2015లో ఒక పెద్ద బృందం 100 సైకాలజీ అధ్యయనాలను మళ్లీ చేసి చూస్తే 36 శాతంలోనే గణాంకపరంగా గట్టి ఫలితం మళ్లీ వచ్చింది. అప్పటినుంచి మళ్లీ చేసి చూడటాన్ని ఎవరూ తక్కువగా చూడటం లేదు. ముప్పై మందితో సహసంబంధం (రెండు విషయాలు కలిసి మారుతున్నాయా అన్నది) చూసేశాం అనే అలవాటు కూడా ఇక్కడే వదులుకో. నిజంగా ఉన్న 0.3 పాటి సంబంధాన్ని వందలో 80 సార్లు పట్టుకోవాలంటేనే దాదాపు 85 మంది కావాలి.

పని దొరికాక ఒక జాగ్రత్త. ఎమ్మే రోజుల్లో నేను ఒక పెద్దాయన దగ్గర ఏడాదిపాటు శనివారాలన్నీ కూర్చుని నాలుగు వందల ప్రశ్నావళులు కంప్యూటర్లోకి ఎక్కించాను. పేపర్ వచ్చాక చూస్తే రచయితల్లో సరే, కృతజ్ఞతల్లో కూడా నా పేరు లేదు. అడగడానికి నోరు రాలేదు. అందుకే నా దగ్గరికొచ్చే పిల్లలకు మొదటి రోజే కాగితం మీద రాసిస్తాను: డేటా ఎక్కించడం వరకే అయితే కృతజ్ఞతల్లో పేరు, విశ్లేషణలోనూ రాతలోనూ చేయి ఉంటే రచయితల్లో పేరు. నీకు ఎవరూ రాసివ్వకపోతే నువ్వే మర్యాదగా అడుగు: "సర్, ఈ పని పేపర్‌గా వస్తే నా పాత్రని ఎలా చూపిస్తారో ముందే తెలిస్తే బాగుంటుంది." ఇది అడిగినందుకు మొహం మాడ్చుకునే మనిషి దగ్గర నెలకన్నా ఎక్కువ ఉండకు. రికమెండేషన్ లెటర్‌కి భయపడి ఉండిపోయినవాళ్లను చూశాను, చివరికి ఆ లెటర్ కూడా వాళ్లే రాసుకుని సంతకానికి తీసుకెళ్లాల్సి వచ్చింది.

చివరగా ఆ బీరువా. అందులో ఏముంటాయో చూడకుండానే చెప్పగలను: ముల్లర్-లయర్ బోర్డు (చివర్లలో బాణం గుర్తులవల్ల సమానమైన రెండు గీతలు చిన్నాపెద్దాగా కనిపించే భ్రమ), అద్దంలో చూస్తూ నక్షత్రం గీసే పరికరం, తుప్పుపట్టిన స్టాప్‌వాచ్. రికార్డు బుక్కులో సీనియర్ అంకెలు ఎక్కించేసి వదిలేస్తారు కాబట్టి వాటి విలువ ఎవరికీ తెలీదు. బ్రిటిష్ పరిశోధకుడు డబ్ల్యూ.హెచ్.ఆర్. రివర్స్ 1900ల మొదట్లో నీలగిరి కొండల్లో తోడా తెగవాళ్లకు సరిగ్గా ఈ ముల్లర్-లయర్ భ్రమనే చూపించి కొలిచాడు. ఇంగ్లీషువాళ్లకన్నా వాళ్లు దానికి తక్కువగా మోసపోయారు. పరిసరాలను బట్టి కంటి చూపు మారుతుందా అన్న వాదన ఇప్పటికీ తెగలేదు. మీ ఊళ్లో పూరింట్లో పెరిగిన పెద్దవాళ్లు, గుంటూరు అపార్ట్‌మెంట్లలో పెరిగిన పిల్లలు, ఆ ఒక్క బోర్డు. వయసు తేడాని, ఇంటి తేడాని ఎలా విడదీస్తావో ఒక పేజీ రాసి, పదిమందిని నిజంగా కొలిచి, ఆ అంకెలతో ఒక స్కాలర్‌కి మెయిల్ పెట్టు. రెండు వారాలు చూసి పలకకపోతే ఒక్కసారి గుర్తుచెయ్, అప్పటికీ పలకకపోతే ఇంకొకరికి రాయి. ముందు ఆ బీరువా తాళం ఎవరి దగ్గరుందో కనుక్కో. మా కాలేజీలో అయితే అటెండర్ దగ్గరే దొరికింది.